లెక్క ముందు చేతికి, పిమ్మట నోటికి

బెంగుళూరున బొమ్మనహళ్ళి వంటి పేటలలో మాంటిస్సోరి పేరు గల శిశుపాఠశాలలు నేడు అపూర్వములు కావు. ఉద్యోగార్థమై అచట కాపురముండు మన తెలుగువారు మూడేండ్ల బిడ్డను బడికి పంపి, సాయంకాలము నూఱు వరకు ఒప్పజెప్పుమందురు. బిడ్డ గడగడ చెప్పును, పెద్దలు సంతసింతురు. ఆ బిడ్డనే ఏడు చింతగింజలు తెమ్మన్నచో తడబడును. ఈ తడబాటునకు మందు చూపిన విదుషి పేరే ఆ ద్వారములపై నున్నది. కావున ఆమె చరిత్రమును స్మరించుట యుక్తమని తలంచుచున్నాము.

మేరియా మాంటిస్సోరి 1870 ఆగష్టు 31వ తేదీన ఇటలీలోని కియరవల్లెలో జన్మించెను. బాల్యమున ఇంజనీరు కాగోరి సాంకేతిక పాఠశాలలో చేరినను, పిదప వైద్యము నభ్యసించి 1896లో రోమునందు పట్టభద్రురాలయ్యెను. మందబుద్ధులని లోకము త్రోసివేసిన బాలురకు చికిత్స కంటె శిక్షణమే ముఖ్యమని గ్రహించెను. 1907 జనవరి 6వ తేదీన రోములోని సాన్ లోరెంజో పేటలో పేదల బిడ్డలకై బాలగృహమును తెఱచెను.

అంకెలు నేర్పుటలో ఆమె యేర్పఱచిన క్రమము సులభము. పది కఱ్ఱలు గలవు. మొదటిది పది సెంటిమీటర్లు, కడపటిది ఒక మీటరు. ఎఱుపు, నీలము పట్టీలను తాకుచు బిడ్డ లెక్కించును. ఐదనునది వట్టి మాట కాదనియు, ఒక మొత్తమనియు అప్పుడు చేతికి తెలియును. పిమ్మట గరుకుకాగితపు అంకెలను వ్రేలితో తడవి రూపము నెఱుగును. తరువాత సున్న మొదలు తొమ్మిది వరకు అరలు గల పెట్టెలో నలువదియైదు కదుళ్లను పంచును. లెక్క తప్పినచో కదురు మిగులును, లేదా చాలకపోవును. ఉపాధ్యాయురాలు మందలింప నక్కఱలేదు. సున్న అర వట్టిదిగా నిలుచును. శూన్యమును ఇంతకంటె చక్కగ చెప్పు ఉపన్యాసమును మేమెఱుగము.

ముసోలినీ ప్రభుత్వముతో పొత్తు చెడి 1934లో ఆమె స్వదేశమును వీడెను. 1936లో అంతర్యుద్ధము స్పెయిను నుండి తఱిమెను. 1939లో దివ్యజ్ఞాన సమాజము వారి యాహ్వానమున అడయారు చేరెను. నాడు మదరాసు మన తెలుగు జిల్లాలకును రాజధాని. 1940లో ఇటలీ యుద్ధమున దిగగా, బ్రిటిషువారు ఆమె సంచారమును నిర్బంధించి, కుమారుడు మేరియోను ఖైదు చేసిరి. ఆమె డెబ్బదియవ జన్మదినమున అతనిని విడిచిరి. అట్టి కష్టమునందును అడయారులోను, కొడైకెనాలులోను ఉపాధ్యాయులకు తరిఫీదు నిచ్చుట ఆమె మానలేదు. 1952 మే 6వ తేదీన నెదర్లాండ్సులో కన్నుమూసెను. 1955లో విజయవాడలో వి. కోటేశ్వరమ్మ ఆ పేరనే పాఠశాలను స్థాపించెను.

పేరు మాత్రము పద్ధతి కాదు. 1967లో అమెరికాలో ఆ పేరు ఏ యొకరి సొత్తును కాదని నిర్ణయమైనది. బోర్డు వ్రాయించుట ఎవరికైనను సులువే. కావున తల్లిదండ్రులు బిడ్డ ఎంతవరకు వల్లించెనని గాక, ఏమి లెక్కించెనని అడుగవలెను. ఖరీదైన సామగ్రి లేదని చింతింప నక్కఱలేదు. మన అవ్వలు వామనగుంటలలో గుంటకొక చింతగింజ వేయించుచు నేర్పినది ఈ విద్యయే. ఆ పీటను అటక మీదినుండి దింపుడు.