క్రికెట్ వీరుడు సి. కె. నాయుడు

బెంగళూరు నివాసియగు చరిత్రకారుడు రామచంద్ర గుహ, పెక్కుమంది వ్రాసిన క్రికెట్ రచనలను ఏర్చి కూర్చి 2001లో ఒక సంకలనమును వెలువరించెను. అట్టి గ్రంథములను చదువునపుడు మేమెన్నడును చూడని ఆట సయితము కన్నుల యెదుట జరుగుచున్నట్లే తోచును. అప్పుడు తెలుగువారమగు మాకు స్మరణకు వచ్చు మహనీయుడు కొఠారి కనకయ్య నాయుడు.

ఆయన 1895 అక్టోబరు 31న నాగపూరునందు ఒక తెలుగు కుటుంబమున జన్మించెను. మనవలెనే తెలుగునాటికి వెలుపల పెరిగినవాడు. 1926లో బొంబాయి జింఖానా మైదానమున హిందూ జట్టు పక్షమున ఆడి, ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసెను. 1932లో లార్డ్సు మైదానమున భారతదేశపు మొట్టమొదటి టెస్టునకు నాయకుడై, చేతికి గాయమైనను, మొదటి ఇన్నింగ్సులో తన జట్టున అందరికంటె అధికముగా 40 పరుగులు తీసెను. మరుసటి సంవత్సరము విజ్డెన్ అను ఆంగ్ల వార్షిక గ్రంథము ఆయనను ఐదుగురు శ్రేష్ఠ క్రీడాకారులలో ఒకనిగా ఎన్నుకొనెను. 1953–54లో ఆంధ్ర జట్టు పక్షమున ఆడెను. 61 ఏండ్ల ప్రాయమునను రంజీ పోటీలలో పాల్గొనెను. 1956లో పద్మభూషణ బిరుదమునొంది, 1967 నవంబరు 14న ఇందూరులో పరమపదించెను.

ఆ సిక్సర్లు గాలిలో కలిసిపోక మనవరకు వచ్చినవన్న, అది నాడు మైదానము చెంత కూర్చుండి వ్రాసిన విలేఖరుల చలువయే. ఆడినవాడు తెలుగువాడు, ఆయన కీర్తిని నిలిపిన విజ్డెన్ మాత్రము ఆంగ్ల గ్రంథము. కావున మన పాఠశాల మైదానమున జరుగు ఆటలనైనను మనము తెలుగున చక్కగా వ్రాసి పదిలపరచుదము.