అరచేతిలో ఆట – గున్‌పే యొకోయి

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ నుండి బయలుదేరే ఏ దూరప్రయాణపు రైలులోనైనా ఒక దృశ్యం సర్వసాధారణం. సామాన్లు సర్దుకొని, కిటికీ పక్కన చేరిన ప్రయాణికుడు కొంతసేపు బయటికి చూస్తాడు. ఆ తరువాత కాలం ఎలా గడపాలో తోచక చేతికి అందిన వస్తువుతో ఏదో ఒక ఆట మొదలుపెడతాడు. ఒకప్పుడు ఆ వస్తువు పేకముక్కల కట్ట. నేడది సెల్‌ఫోన్. సుమారు అర్ధశతాబ్దం క్రితం జపాన్ దేశంలో, ఇటువంటి రైలుపెట్టెలోనే, విసుగు చెందిన ఒక ప్రయాణికుణ్ణి ఒక ఇంజనీరు గమనించారు. ఇతరులు చూసీ చూడనట్లు వదిలివేసే ఆ చిన్న దృశ్యం నుండి ఒక కొత్త క్రీడాలోకమే ఆవిర్భవించింది. ఆ ఇంజనీరు పేరు గున్‌పే యొకోయి.

యొకోయి 1941 సెప్టెంబరు 10వ తేదీన జపాన్ ప్రాచీన రాజధాని క్యోటో నగరంలో జన్మించారు. ఆ నగరంలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి పట్టభద్రులయ్యారు. చదువులో ఆయన అగ్రశ్రేణికి చెందినవారు కారు. తోటి విద్యార్థులు పేరుగన్న సంస్థలలో ఉద్యోగాలు వెతుక్కోగా, ఆయన 1965లో స్వస్థలంలోని నింటెండో అనే సంస్థలో చేరారు. నాటికి నింటెండో వీడియో ఆటల సంస్థ కాదు. 1889లో ప్రారంభమైన ఆ సంస్థ పూలబొమ్మలు గల ‘హనఫుదా’ అనే పేకముక్కలు తయారుచేసేది. ముక్కలను తయారుచేసే యంత్రాలు చెడిపోకుండా చూడటమే యొకోయికి అప్పగించిన పని.

ఆ పనిలో తీరిక ఎక్కువ. తీరిక దొరికినప్పుడల్లా ఆయన చేతులు ఊరకుండేవి కావు. ఒకనాడు కొన్ని బద్దలను కత్తెరవలె అడ్డదిడ్డంగా కూర్చి, పిడి నొక్కగానే ముందుకు సాగి దూరంగా ఉన్న వస్తువును పట్టుకొనే ఒక పరికరాన్ని సరదాకు తయారుచేసుకున్నారు. కర్మాగారాన్ని పరిశీలించడానికి వచ్చిన సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంట అది పడింది. పనివేళలో ఆటలాడుతున్నందుకు మందలింపు తప్పదని యొకోయి భావించారు. కాని యమౌచి దానినొక ఆటవస్తువుగా తీర్చిదిద్దమని ఆదేశించారు. ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో 1966లో వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. యంత్రాలకు నూనె పెట్టే ఉద్యోగి నాటినుండి ఆటవస్తువుల రూపకర్త అయ్యారు.

యొకోయి కృషికంతటికీ మూలమైన సిద్ధాంతం ఒకటుంది. సరికొత్త సాంకేతిక పరిజ్ఞానం వెంట పరుగెత్తడం కంటె, అందరికీ తెలిసి, లోపాలన్నీ బయటపడి, వెల తగ్గిన పాత పరిజ్ఞానాన్ని ఎవరూ ఊహించని చోట ఉపయోగించడమే మేలని ఆయన విశ్వసించారు. సూర్యరశ్మి నుండి విద్యుత్తు పుట్టించడానికి ఉద్దేశించిన సౌరఘటాన్ని ఆయన 1970లో బొమ్మతుపాకి ఆటలో అమర్చారు. తుపాకి నుండి వెలువడిన వెలుగు గురిలోని ఘటాన్ని తాకితే గురి తగిలినట్లు. వస్తువు పాతదే, దానిని వాడిన చోటు కొత్తది. ఈ వివేకమే ఆయన జీవితాన్ని నడిపించింది.

1970 దశకంలో జపాన్‌లో లెక్కలు కట్టే చిన్న యంత్రాల తయారీలో సంస్థల మధ్య పోటీ తీవ్రమైంది. దాని ఫలితంగా క్యాలిక్యులేటర్లలో అంకెలు చూపే ద్రవస్ఫటికపు తెరల వెల బాగా తగ్గిపోయింది. ఆ రోజులలోనే యొకోయి అతివేగపు రైలులో ప్రయాణిస్తూ, పక్కనున్న ఒక ఉద్యోగి ఏమీ తోచక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కాలక్షేపం చేయడం చూశారు. పెద్దవాళ్లు పదిమందిలో ఆడుకోవడానికి సంకోచిస్తారు; ఎవరి కంటా పడకుండా అరచేతిలో ఇమిడిపోయే ఆట ఉంటే వారికి ఆ సంకోచం ఉండదని ఆయనకు తోచింది. కొంతకాలానికి ఒక సందర్భంలో అధ్యక్షుని కారును స్వయంగా నడపవలసి వచ్చినప్పుడు ఈ ఆలోచనను మాటవరసకు ఆయన చెవిని వేశారు. ఆ మాట వృథా కాలేదు. ‘గేమ్ అండ్ వాచ్’ అనే పేరుతో 1980లో ఆ చిన్న యంత్రం వెలువడింది. ఆటతోపాటు గడియారంగా కూడ పనిచేసే ఈ యంత్రాలు ప్రపంచమంతటా నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. 1982లో వాటిలో ఒకదాని కోసం యొకోయి కూడిక గుర్తు ఆకారంలో ఒక మీటను రూపొందించారు. ఎడమచేతి బొటనవేలితో నాలుగు దిక్కులనూ శాసించగల ఆ మీట తరువాతి కాలంలో వీడియో ఆటల యంత్రాలన్నింటికీ ఒరవడి అయింది.

గేమ్ అండ్ వాచ్‌లో ఒక లోటుంది. ఒక యంత్రంలో ఒకే ఆట. అది విసుగుపుడితే మరొక యంత్రం కొనవలసిందే. ఆటను విడి పెట్టెలో ఉంచి, కావలసినప్పుడు మార్చుకొనే వీలు గల చేతి యంత్రాన్ని తయారుచేయడానికి యొకోయి బృందం పూనుకొంది. అదే 1989 ఏప్రిల్ 21వ తేదీన జపాన్‌లో విడుదలైన ‘గేమ్ బాయ్’. దాని రూపకల్పనలో సతోరు ఒకాదా అనే ఇంజనీరుది కూడ ప్రధాన పాత్ర.

ఆ యంత్రంలో ఆకర్షణ ఏమీ లేదు. తెరపై రంగులు లేవు. ఆకుపచ్చని నేలపై నాలుగు ఛాయలు మాత్రమే. తెర వెనుక దీపం లేదు కనుక చీకటిలో ఆడటం సాధ్యం కాదు. పోటీ సంస్థలు అటారీ, సెగా రంగుల తెరలు గల చేతి యంత్రాలను ఆ కాలంలోనే తెచ్చాయి. అవి చూడముచ్చటగా ఉండేవి. అయితే ఆరేసి బ్యాటరీలు వేసినా కొద్ది గంటలకే వాటి శక్తి ఉడిగిపోయేది. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు మించి ఆడేది. వెల తక్కువ, దెబ్బలకు తట్టుకొనే దేహం, జేబులో తీసుకుపోగల తేలికదనం దానికి తోడయ్యాయి. పిట్ట కొంచెమైనా కూత ఘనమైంది. దాని తరువాత వచ్చిన రంగుల తెర గేమ్ బాయ్‌తో కలిపి అది పదకొండు కోట్లకు పైగా ఇళ్లకు చేరింది.

యంత్రం ఎంత మేలైనదైనా దానికి తగిన ఆట దొరకనిదే సార్థకం కాదు. అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో సృష్టించిన ‘టెట్రిస్’ గేమ్ బాయ్‌కు తొలి కీర్తి తెచ్చింది. కాని ఆ యంత్రాన్ని చిరకాలం నిలబెట్టినది మరొక జాతి ఆట. దానిని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. తెలుగులో పాత్రధారణ క్రీడ అనవచ్చు. వీధిభాగవతంలో వేషం కట్టిన కళాకారుడు ఆ రాత్రికి ఆ పాత్రయే అయినట్లు, ఈ ఆటలో ఆటగాడు ఒక పాత్రను ధరించి, ఊరూరా తిరిగి, మిత్రులను కూడగట్టుకొని, కష్టాలనెదుర్కొని క్రమక్రమంగా బలవంతుడవుతాడు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఇటువంటి ఆటను ప్రచురించారు. 1986లో యూజీ హొరీ రూపొందించిన ‘డ్రాగన్ క్వెస్ట్’ దీనిని జపాన్‌లో ఇంటింటి ఆట చేసింది. యొకోయి కూడ ఈ జాతి ఆటల విలువ గుర్తించారు. చదరంగపు ఎత్తులను, పాత్రల కథను మేళవించి 1990లో వెలువడిన ‘ఫైర్ ఎంబ్లెమ్’ అనే టీవీ ఆటకు ఆయన నిర్మాత. అందులో యుద్ధంలో నేలకొరిగిన వీరుడు మళ్లీ లేవడు. కనుక ప్రతి ఎత్తూ ఆలోచించి వేయవలసిందే.

నాలుగు ఛాయల చిన్న తెరకు సుదీర్ఘమైన కథ ఎలా సరిపోతుందన్న సందేహం సహజం. నిజానికి అన్ని ఆటలలోను దానికి బాగా సరిపోయినది అదే. వేగంగా కదిలే బొమ్మలు ఆ తెరపై చెదిరిపోయేవి. పాత్రధారణ క్రీడలో ఆటగాడు ఆలోచించి అడుగు వేసేదాకా తెర నిశ్చలంగా ఎదురుచూస్తుంది. చదవడానికి అక్షరాలు స్పష్టంగా కనిపిస్తే చాలు. మిగిలిన రంగులను ఊహయే పూరిస్తుంది. దిగవలసిన స్టేషన్ వస్తే ఆటను ఎక్కడికక్కడ భద్రపరచి, మరునాడు అక్కడినుండే కొనసాగించవచ్చు. అందుకోసం ఆటపెట్టెలో ఒక చిన్న బ్యాటరీని అమర్చేవారు. 1989 డిసెంబరులో అకితోషి కవాజు రూపొందించిన ‘మకాయ్ తోషి సాగా’ గేమ్ బాయ్‌కు వచ్చిన మొదటి పాత్రధారణ క్రీడ. స్వర్గాన్ని చేరాలన్న కోరికతో ఒక మహాగోపురాన్ని అంతస్తు తరువాత అంతస్తుగా ఎక్కే వీరుల కథ అది. చేతి యంత్రపు పరిమితులను ఎరిగి కూర్చినందువల్ల అది విశేషాదరణ పొందింది.

విజయాలు వరించినవారికి పరాజయం మరింత బాధాకరం. 1995లో యొకోయి ‘వర్చువల్ బాయ్’ అనే యంత్రాన్ని వెలువరించారు. కళ్లకు ఆనించి చూస్తే లోతు గల దృశ్యాలను ఎర్రని వెలుగులో చూపే యంత్రమది. ఇందులోను ఆయన వెల తక్కువైన పరిజ్ఞానాన్నే వాడారు. అయినా అది ఫలించలేదు. బల్లమీద నిలిపి, ముఖం దానిలో దూర్చి ఆడవలసి రావడంతో పక్కనున్న స్నేహితునికి ఏమీ కనిపించేది కాదు. కొంతసేపటికే కళ్లు అలసేవి, తలనొప్పి వచ్చేది. పది లక్షలైనా అమ్ముడుపోక, ఏడాది తిరగకముందే దాని తయారీ ఆగిపోయింది. పాత వస్తువును కొత్తచోట వాడటం మాత్రమే చాలదు, ఆ కొత్తచోటు మనిషికి అనువుగా ఉండాలన్న సత్యాన్ని ఆయన ఓటమియే తేటతెల్లం చేసింది.

ఆ సమయానికి గేమ్ బాయ్ కూడ వృద్ధాప్యంలో పడిందని పలువురు భావించారు. అప్పుడు, 1996 ఫిబ్రవరి 27వ తేదీన, ‘పోకెమాన్’ అనే పాత్రధారణ క్రీడ దానికోసం విడుదలైంది. బాల్యంలో పురుగులను సేకరించడంలో ఆనందం పొందిన సతోషి తాజిరి దాని సృష్టికర్త. రెండు గేమ్ బాయ్ యంత్రాలను కలిపే తీగను చూసినప్పుడు, ఒక యంత్రంలోని జీవి ఆ తీగ వెంబడి రెండవదానికి పాకిపోతున్నట్లు ఆయన ఊహించారు. ఆట రెండు రూపాలలో వచ్చింది. ఒకదానిలో దొరకని ప్రాణులు రెండవదానిలో దొరుకుతాయి. అన్నింటినీ సేకరించాలంటే మిత్రునితో ఇచ్చిపుచ్చుకోక తప్పదు. ఒంటరిగా ఆడే చేతి ఆట ఆ విధంగా స్నేహానికి వారధి అయింది. ఏడేళ్ల పాత యంత్రానికి అది పునర్జన్మనిచ్చింది. నాటి గేమ్ బాయ్‌లో ఉన్న ఆ తీగ ఏర్పాటు పోటీయంత్రాల రంగుల కంటె ఎంత విలువైనదో లోకానికి తెలిసివచ్చింది.

విధి చిత్రమైనది. తన యంత్రం రెండవ వైభవానికి నాంది పలికిన ఆ 1996వ సంవత్సరంలోనే, ఆగస్టు మాసంలో, యొకోయి ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన నింటెండోకు స్వస్తి చెప్పారు. క్యోటోలోనే ‘కోటో’ అనే సొంత సంస్థను నెలకొల్పి, మరింత పొదుపైన చేతి యంత్రానికి రూపకల్పన ఆరంభించారు. దానిని పూర్తిగా చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1997 అక్టోబరు 4వ తేదీన జపాన్‌లోని హొకురికు రహదారిపై ఆయన ప్రయాణిస్తున్న కారు స్వల్ప ప్రమాదానికి గురైంది. చూడటానికి కారు దిగిన ఆయనను మరొక వాహనం ఢీకొనడంతో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఆరేళ్లు.

ఆయన తలపెట్టిన యంత్రం 1999 మార్చిలో బండాయ్ సంస్థ ద్వారా ‘వండర్‌స్వాన్’ పేరుతో వెలువడింది. అది ఒకే ఒక బ్యాటరీతో నడిచేది. దానికోసం రూపొందిన ఒక ఆటకు ఆయన స్మృత్యర్థం ‘గున్‌పే’ అని పేరు పెట్టారు. 2003లో అంతర్జాతీయ స్థాయిలో ఆటల రూపకర్తలు ఇచ్చే జీవనసాఫల్య పురస్కారం మరణానంతరం ఆయనకు లభించింది. గేమ్ బాయ్ తయారీ కూడ 2003లో ముగిసింది. నేడు అరచేతి తెరలు కోట్ల రంగులతో మెరుస్తున్నాయి. ఎన్నుకోవడానికి వేలాది ఆటలున్నాయి.

ఎన్నిక ఎంత విస్తృతమైతే వివేకం అంత అవసరం. చేతి యంత్రం కోసం ఒక పాత్రధారణ క్రీడను ఎంచుకొనే యువకుడు సాధారణంగా మొదట చూసేది దాని మెరుపునే. యొకోయి జీవితం అడగవలసిన వేరే ప్రశ్నలను నేర్పుతుంది. ఆ ఆట కథ చిన్న తెరపై హాయిగా చదువుకోవచ్చునా? పని పిలిచినప్పుడు దానిని ఆపి లేవగలమా? కళ్లకు, కాలానికి, కన్నవారి సంపాదనకు అది భారం కాకుండా ఉంటుందా? మిత్రుణ్ణి దూరం చేస్తుందా, దగ్గర చేస్తుందా? ఈ ప్రశ్నలు ఆటవస్తువులకే పరిమితం కావు. జీవితంలో స్వీకరించే ప్రతి సాధనానికీ ఇవి వర్తిస్తాయి. రైలులో విసుగుతో మీటలు నొక్కుతున్న అపరిచితుణ్ణి చూసినప్పుడు యొకోయి ఆలోచించినది యంత్రాన్ని గురించి కాదు, మనిషిని గురించి. ఆయన గెలుపు రహస్యమంతా ఆ చూపులోనే ఉంది.