కాంతి వేగం – ఆచార్య భగవంతం గారు

నీళ్లలో నెమ్మదించిన కాంతి బయటికొచ్చాక, కోఠి స్టాపు వదిలిన సిటీబస్సులా మెల్లగా వేగం పుంజుకుంటుందని మనవడికి చెప్పాను. తర్వాత నాకే సందేహం కలిగి, కాంతిని శోధించిన ఆచార్య సూరి భగవంతం గారి జీవితం తిరగేశాను.

1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన వారు మన నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తాలో రామన్ గారి వద్ద చేరారు. 1931లో గురుశిష్యులిద్దరూ కాంతి కణానికి స్పిన్ ఉందని ప్రయోగపూర్వకంగా చూపారు. 1952 నుంచి 1957 వరకు వారు ఉస్మానియా ఉపకులపతి. కోఠి మహిళా కళాశాల అప్పుడు ఆ విశ్వవిద్యాలయానిదే. 1989లో స్వర్గస్థులయ్యారు.

ఆ కణానికి శూన్యంలో ఎప్పుడూ ఒకటే వేగం, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. నీళ్లు దాటి గాలిలోకి రాగానే కాంతి దాదాపు అదే వేగంతో సాగుతుంది. మెల్లగా పుంజుకోవడం ఉండదు. నేను చెప్పింది తప్పని మనవడి దగ్గర ఒప్పుకున్నాను.