చిత్రకారుడు గోయా

స్పెయిన్ దేశమున మనుష్యుడు మదించిన వృషభముతో తలపడు క్రీడ తరతరములుగా ప్రసిద్ధము. చూచువారికి అది వేడుక. బరిలో నిలిచినవానికి ప్రాణసంకటము. ఈ రెండింటిని ఒక్క చిత్రమున చూపగలిగిన కళావేత్త ఫ్రాన్సిస్కో గోయా.

గోయా 1746వ సంవత్సరము మార్చి 30వ తేదీన ఫ్యుయెందెతోదోస్ అను చిన్న గ్రామమున జన్మించెను. అతని తండ్రి బంగారుపూత పనివాడు. గోయా సరగోసా నగరమున చిత్రలేఖనము నేర్చి, మాడ్రిడ్ చేరి, 1789లో రాజాస్థాన చిత్రకారుడయ్యెను. వృషభక్రీడ యనిన అతనికి మిక్కిలి మక్కువ.

1792లో అతనికి దారుణమైన వ్యాధి సోకెను. ప్రాణము దక్కెను గాని వినికిడి నశించెను. జనుల కేకలుగాని, వృషభముల రంకెలుగాని యిక అతని చెవి సోకవు. అయినను అతడు కుంచె విడువలేదు. కోలుకొనుచు రేకులపై వ్రాసిన చిన్న పటములలో వృషభక్రీడా దృశ్యములు పెక్కు గలవు.

1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించెను. ఆరేండ్ల యుద్ధమున మనుష్యుడు మనుష్యుని వధించు తీరును గోయా చిత్రములుగా మలచెను. అవి 1863 వరకు వెలుగు చూడలేదు. యుద్ధము ముగిసిన పిమ్మట అతడు వృషభక్రీడను చేపట్టి, 1816లో 33 చిత్రముల సంపుటి నచ్చొత్తించెను.

ఆ పని శ్రమతో కూడినది. రాగిరేకునకు మైనము పూసి, సూదితో గీతలు గీసి, ఆమ్లమున ముంచవలెను. గీత పడినచోట ఆమ్లము రాగిని తినివేయును. ఆ గాడులలో సిరా నింపి, తడికాగితముపై ఒత్తినచో చిత్రము దిగును. గుగ్గిలపు పొడి చల్లి కాచినచో, ఆమ్లము సన్నని చుక్కలుగా తిని, నీడలు తోచును.

ఒక చిత్రమున వృషభము ప్రేక్షకుల ఆసనములపైకి ఉరికి, ఒక నగరాధికారిని కొమ్ములపై మోయుచుండును. చివరి చిత్రమున పెపె ఇయ్యో మరణము కలదు. ఆ క్రీడకు నియమములు తెలుపు గ్రంథము అతని పేర వెలసినది. అయినను 1801లో మాడ్రిడ్ బరిలోనే వృషభము అతనిని చంపెను. నేర్పు ఎంతటిదైనను మృత్యువు పొంచియే యుండునని ఆ చిత్రము తెలుపును. గోయా చిత్రములలో మనుష్యుడు కేవలము వీరుడు కాడు. వృషభము కేవలము క్రూరమృగము కాదు. ఇరువురును ఒక్క అపాయమున చిక్కినవారే.

1824లో గోయా ఫ్రాన్సు దేశమునకు వెడలెను. చూపు మందగించినను, బోర్డో నగరమున శిలాముద్రణమను నూతన విద్యను సాధన చేసి, 1825లో నాలుగు పెద్ద వృషభచిత్రములను అచ్చువేసెను. అప్పటికతడు 79 ఏండ్ల వృద్ధుడు. 1828 ఏప్రిల్ 16న అతడు అచ్చటనే కన్నుమూసెను. చెవుడుగాని వార్ధక్యముగాని సత్యమును చూచు అతని దృష్టిని మరుగుపరుపజాలకపోయెను.