ఓడలో రాసుకున్న చిట్టా



ఇళ్ళ దీవెనకు వెళ్ళినప్పుడు నేను తరచూ వినే మాట ఒకటుంది. ఈ ఏడాదైనా అప్పులు తీరితే చాలు ఫాదర్ గారూ, అంటారు. అప్పు ఎంత, ఎవరికి, ఎప్పటికి తీరుతుంది అని అడిగితే మాత్రం భర్త ఒక లెక్క చెబుతాడు, భార్య మరో లెక్క చెబుతుంది. అటువంటి ఇంటి నుండి తిరిగి వస్తూంటే నాకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ గుర్తుకు వస్తాడు. ఉరుముల్లో గాలిపటం ఎగరేసిన శాస్త్రజ్ఞుడుగా మన పిల్లలు ఆయన పేరు బడిలో చదువుకున్నారు. ఆయన అప్పుల కథ అంతగా ఎవరికీ తెలియదు.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్ముకునేవాడు. పదిహేడుగురు పిల్లల్లో ఇతడు పదిహేనోవాడు. ఈ కుర్రవాణ్ణి దైవసేవకు చదివించాలని తండ్రి మొదట అనుకున్నాడు గాని, ఖర్చు చూసి వెనుకంజ వేశాడు. పదేళ్ళకే చదువు ఆగిపోయింది. పన్నెండేళ్ళకు అన్నగారి అచ్చుకూటంలో పని నేర్చుకోవటానికి చేరాడు. అన్న చేతి దెబ్బలు భరించలేక 1723లో, పదిహేడేళ్ళ వయసులో, ఇంట్లో చెప్పకుండా పారిపోయి ఫిలడెల్ఫియా నగరం చేరుకున్నాడు.

ఆ మరుసటి ఏడే ఒక తప్పు చేశాడు. అన్నగారి స్నేహితుడు వెర్నన్ అనే ఆయన, తనకు రావలసిన బాకీ సుమారు 35 పౌండ్లు వసూలు చేసి, తాను అడిగేదాకా దగ్గర ఉంచమని అతనికి అప్పగించాడు. డబ్బు వసూలైంది. అయితే కాలిన్స్ అనే బాల్య స్నేహితుడు తాగుడుకు లోనై, ఇవాళ కొంత, రేపు కొంత అంటూ ఆ సొమ్ములోనే అప్పు తీసుకుంటూ వచ్చాడు. చివరికి బార్బడోస్ దీవికి వెళ్ళిపోయాడు. పంపుతానన్న డబ్బు రాలేదు, జాబూ రాలేదు. పరాయి సొమ్ము ఖర్చయిపోయింది. వెర్నన్ ఏ రోజు అడుగుతాడోనన్న భయం ఫ్రాంక్లిన్‌ను చాలాకాలం వెంటాడింది. సంఘం డబ్బు చేతిలో పెట్టుకున్నవారికి ఈ భయం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

అది చాలదన్నట్టు, అచ్చుయంత్రం కొనటానికి పూచీ ఉత్తరాలు ఇస్తానని గవర్నరుగారు చెప్పిన మాట నమ్మి లండన్‌కు ఓడ ఎక్కాడు. అక్కడ దిగాక చూస్తే ఉత్తరాలే లేవు. ఇతరుల అచ్చుకూటాల్లో కూలికి పనిచేసి, వచ్చిన దానిలో చాలా భాగం నాటకాలకు, స్నేహితులకు ఖర్చు పెట్టాడు.

ఆ ప్రయాణంలో దొరికిన మేలు ఒక్కటే, డెన్‌హామ్ అనే వర్తకుని పరిచయం. ఈ పెద్దమనిషి పూర్వం ఇంగ్లండులో వ్యాపారం చెడి, అప్పులవాళ్ళకు కొంత కొంత ఇచ్చి రాజీ చేసుకుని అమెరికా వెళ్ళాడు. అక్కడ బాగా సంపాదించి తిరిగి వచ్చాక పాత అప్పులవాళ్ళందరినీ విందుకు పిలిచాడు. రాజీకి ఒప్పుకున్నందుకు కృతజ్ఞత చెబుతాడు కాబోలు అనుకుని అందరూ వచ్చి కూర్చున్నారు. మొదటి వంటకం తిని పళ్ళెం ఎత్తేసరికి ఒక్కొక్కరి పళ్ళెం కింద, తమకు రావలసిన మిగతా మొత్తం వడ్డీతో సహా చెల్లించమని బ్యాంకుకు రాసిన చీటీ ఉంది!

1726లో ఫ్రాంక్లిన్ తిరుగు ప్రయాణం చేసింది ఈ డెన్‌హామ్‌తోనే. ఓడ సముద్రం మీద ఉన్నది రెండు నెలల పైమాట. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. ఇంతవరకు తన బ్రతుకుకు ఒక పద్ధతి లేకపోయిందని గుర్తించి, నాలుగు నియమాలు కాగితం మీద పెట్టాడు. అప్పులు తీరేవరకు ఖర్చు విషయంలో మిక్కిలి పొదుపుగా ఉండాలి. నిజమే చెప్పాలి, నెరవేర్చలేని ఆశలు ఎవరికీ కల్పించకూడదు. చేపట్టిన పనిని ఓపికగా చేయాలి, ఒక్కసారిగా ధనవంతుణ్ణి కావాలనే పథకాల వెంట పోకూడదు. ఎవరి గురించీ చెడుగా మాట్లాడకూడదు. ధనవంతుణ్ణి కావాలి అన్నది ఆ చిట్టాలో లేదు. మొదటి పద్దు అప్పు తీర్చటమే.

1728లో ఒక భాగస్వామితో కలిసి సొంత అచ్చుకూటం పెట్టాడు. యంత్రం బాకీ ఇస్తానన్న భాగస్వామి తండ్రి ఇవ్వలేకపోయాడు. వ్యాజ్యం పడింది. అచ్చుకూటం అమ్ముడుపోయే స్థితిలో కోల్మన్, గ్రేస్ అనే ఇద్దరు స్నేహితులు, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి డబ్బు ఇస్తామన్నారు. ఏ ఒక్కరినీ చిన్నబుచ్చకుండా చెరి సగం తీసుకున్నాడు. కొన్న కాగితాన్ని తోపుడు బండి మీద వేసుకుని తానే వీధుల్లో నెట్టుకుంటూ వచ్చేవాడు. వెర్నన్ మర్యాదగా బాకీ గుర్తు చేసినప్పుడు, ఇంకొంత గడువు అడిగి, చేతిలో డబ్బు ఆడగానే వడ్డీతో సహా తీర్చేశాడు.

1730లో డెబోరా ఆయన ఇల్లాలైంది. ఆమె కాగితాలు మడిచేది, కుట్టేది, దుకాణం చూసుకునేది, కాగితం తయారీకి పాత గుడ్డలు కొనేది. ఆయన ఉదయపు ఆహారం మట్టిగిన్నెలో పాలు, రొట్టె. ఒకనాడు చూస్తే పింగాణీ గిన్నె, వెండి చెంచా! ఇరుగుపొరుగు మగవాళ్ళకున్నది నా భర్తకు ఎందుకు ఉండకూడదని ఆమె 23 షిల్లింగులు పెట్టి కొన్నది. ఆడంబరం ఇంట్లోకి ఎలా వస్తుందో చూడండి, ఇక్కడ ప్రేమతోనే వచ్చింది.

తరువాత పదమూడు సుగుణాలు ఏర్పరచుకుని చిన్న పుస్తకంలో గళ్ళు గీసుకున్నాడు. అడ్డంగా వారంలోని ఏడు రోజులు, నిలువుగా సుగుణాల పేర్లు. రాత్రి కూర్చుని ఆనాడు తప్పిన చోట నల్లచుక్క పెట్టేవాడు. వారానికి ఒక సుగుణం మీద ప్రత్యేక శ్రద్ధ. గురువిద్యాలయంలో మాకు నేర్పిన ఇగ్నేషియస్‌గారి ప్రత్యేక ఆత్మశోధన కూడా ఇటువంటిదే. అందులోనూ రోజుకొక గీత, గీత మీద చుక్కలు. క్రమపద్ధతి అనే సుగుణం ఆయనకు చివరిదాకా లొంగలేదు. వినయం మొదట పట్టికలో లేదు. గర్విష్ఠివని ఒక స్నేహితుడు చెప్పాక చేర్చాడు.

1748లో, నలభై రెండేళ్ళకే, వ్యాపారాన్ని తన మేస్త్రీ డేవిడ్ హాల్‌కు అప్పగించి, పద్దెనిమిదేళ్ళపాటు లాభంలో వాటా తీసుకునే ఒప్పందం చేసుకున్నాడు. ఇంకా ఎంతో గడించగలిగిన వయసది. ఆయనకు కావలసింది తీరిక. విద్యుత్తు పరిశోధనలు ఆ తీరికలో కొనసాగించాడు. చాలు అన్న మాట లెక్క చూసుకుని చెప్పగలిగిన మనుషులు అరుదు.

అయితే ఆ గళ్ళ పుస్తకంలో లేని పద్దులూ ఉన్నాయి. ఆయన ఇంట్లో బానిసలు ఉండేవారు. ఆ తప్పు గ్రహించి బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడైనది 1787లో, ఎనభై దాటాక. ఇక డెబోరా. రాజకీయ కార్యాల మీద 1757లో లండన్ వెళ్ళి అయిదేళ్ళు ఉన్నాడు. 1764లో మళ్ళీ వెళ్ళాడు. ఆమెకు సముద్రమంటే భయం, వెంట వెళ్ళలేదు. పక్షవాతం వచ్చింది. జాబులు నడిచాయి గాని మనిషి రాలేదు. 1774 డిసెంబరులో, భర్తను చూసి పదేళ్ళయ్యాక, ఆమె కన్నుమూసింది. ఆయన ఇల్లు చేరింది 1775 మేలో. పదమూడు సుగుణాల్లో ఇంటి దగ్గర ఉండటం అనేది లేదు. నాకు ఆయన మీద ఉన్న గౌరవం ఈ చోట కొంచెం తగ్గుతుంది.

ఆయన 1790 ఏప్రిల్ 17న మరణించాడు. వీలునామాలో బోస్టన్‌కు, ఫిలడెల్ఫియాకు చెరి 1000 పౌండ్లు విడిచిపెట్టాడు. పని నేర్చుకుని, పెళ్ళి చేసుకుని, కొత్తగా జీవితం మొదలుపెట్టే యువ వృత్తిపనివాళ్ళకు ఆ సొమ్ము ఏడాదికి 5 శాతం వడ్డీకి అప్పివ్వాలి. అసలును ఏటా పదో వంతు చొప్పున వాళ్ళు తీర్చాలి. ఈ నిధి 200 ఏళ్ళు నడవాలన్నాడు, నడిచింది. 1990లో గడువు ముగిసేనాటికి ఫిలడెల్ఫియాలో 20 లక్షల డాలర్లకు పైగా, బోస్టన్‌లో దాదాపు 50 లక్షల డాలర్లు పోగయ్యాయి. అప్పు కోరే ప్రతి కుర్రవాడికీ ఇద్దరు పెద్దమనుషులు పూచీ ఉండాలని షరతు పెట్టాడు. ఫిలడెల్ఫియాలో ఇద్దరు స్నేహితులు ఇచ్చిన అప్పే తన సంపదకు పునాది అని అదే వీలునామాలో రాసుకున్నాడు.