తమ్ముడి సమాధి నేర్పిన సమాధానం

హేబెలు రక్తం నేలలో నుండి దేవునికి మొరపెట్టిన సంగతి ఆదికాండంలో చదువుతాం. యుద్ధంలో తోబుట్టువును పోగొట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ఆ మొర వినిపిస్తూనే ఉంటుంది. దానికి పగతో జవాబు చెప్పాలా, సమాధానంతో చెప్పాలా? ఇంగ్లాండు రచయిత్రి వేరా బ్రిటన్ (1893-1970) జీవితమంతా ఈ ప్రశ్నకు జవాబుగానే సాగింది.

వేరాకు ఒక్కడే తమ్ముడు, ఎడ్వర్డ్. రెండేళ్లు చిన్నవాడు. వయొలిన్ అంటే అతనికి ప్రాణం. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక అతడూ, అతని స్నేహితులూ సైన్యంలో చేరారు. వేరా కూడా 1915లో ఆక్స్‌ఫర్డ్ చదువు ఆపేసి సైనికాసుపత్రుల్లో నర్సుగా సేవకు దిగారు. ఆ ఏడాది డిసెంబరులోనే ఆమెతో ప్రధానం జరిగిన రోలండ్ లైటన్ ఫ్రాన్సులో గాయపడి చనిపోయాడు. 1917లో మరో ఇద్దరు ఆత్మీయ మిత్రులు పోయారు. అదే సంవత్సరం ఫ్రాన్సులోని ఎటాప్ల్ ఆసుపత్రిలో ఆమెకు అప్పగించిన వార్డు ఎవరిది? గాయపడిన జర్మన్ ఖైదీలది! తమ్ముడు ముందు వరుసలో ఎవరితో పోరాడుతున్నాడో, వారినే బతికించాలని అక్క ఇక్కడ తంటాలు పడ్డారు. శత్రువు కూడా నొప్పికి మూలిగే మనిషేనని ఆ మంచాల పక్కనే ఆమె తెలుసుకున్నారు.

1918 జూన్ 15న ఇటలీలోని అసియాగో పీఠభూమిపై ఎడ్వర్డ్ యుద్ధంలో మరణించాడు. వయసు 22 ఏళ్లు. యుద్ధం ముగియడానికి ఇంకా అయిదు నెలలే ఉంది.

ఆ దుఃఖాన్ని ఆమె పగగా మార్చుకోలేదు. 1919లో ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగివెళ్లి, సాహిత్యం విడిచి చరిత్ర చదివారు. ఇంత ఘోరం ఎలా జరిగిందో తెలుసుకోవాలన్నదే ఆమె తపన. తర్వాత నానాజాతి సమితి తరఫున ఊరూరా ప్రసంగించారు. పోయినవారి జ్ఞాపకాలతో 1933లో ‘టెస్టమెంట్ ఆఫ్ యూత్’ వెలువరించారు. ఆంగ్లికన్ గురువు డిక్ షెపర్డ్ ప్రభావంతో 1937లో పీస్ ప్లెడ్జ్ యూనియన్‌లో చేరారు. ఏ యుద్ధాన్నీ బలపరచబోమని మాట ఇచ్చినవారి సంఘం అది. క్రీస్తును వెంబడించడంలో శాంతి కూడా భాగమని ఆమె నమ్మారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది. జర్మనీ నగరాలపై, పసిపిల్లలూ వృద్ధులూ నిద్రపోయే ఇళ్లపై బాంబులు కురిపించడం తప్పని 1944లో ఆమె ధైర్యంగా రాశారు. ఇంగ్లాండులోనూ, అమెరికాలోనూ నిందల వాన కురిసింది. శత్రువు పక్షం చేరిందన్నారు. కానీ హిట్లర్ మనుషులు ఇంగ్లాండును పట్టుకున్నాక అరెస్టు చేయాలనుకున్నవారి జాబితా 1945లో బయటపడింది. అందులో ఆమె పేరూ ఉంది!

హిట్లర్ వంటివాణ్ణి యుద్ధం లేకుండా ఆపగలమా అని మనలో చాలామంది అడుగుతారు. అది తేలికైన ప్రశ్న కాదు. విశ్వాసుల మధ్య కూడా దానిపై ఏకాభిప్రాయం లేదు. అయినా శత్రువు ఇంట్లోనూ తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్క ఉంటుందన్న సత్యాన్ని మనం తోసిపుచ్చలేం.

1949 డిసెంబరులో ఆమె మన దేశానికీ వచ్చారు. శాంతినికేతన్‌లో, సేవాగ్రామ్‌లో జరిగిన ప్రపంచ శాంతివాదుల సమావేశాల్లో పాల్గొన్నారు. 1970 మార్చి 29న కన్నుమూశారు. ఆమె కోరిక ప్రకారం చితాభస్మాన్ని ఇటలీలో ఎడ్వర్డ్ సమాధిపై చల్లారు. 52 ఏళ్ల తర్వాత అక్క తమ్ముడి చెంతకు చేరింది.

మనం కూడా పోయినవారి పేరిట జ్ఞాపకార్థ కూడికలు పెడతాం. చర్చికి ఫ్యాన్లు, బెంచీలు ఇచ్చి వారి పేర్లు రాయిస్తాం. మంచిదే. కానీ అదే బెంచీ మీద కూర్చుని, పక్కింటివారితో, సొంత అన్నదమ్ములతో ఏళ్ల తరబడి మాట్లాడకుండా ఉంటే ఆ పేరుకు గౌరవమా? యేసు రక్తం హేబెలు రక్తం కన్నా శ్రేష్ఠంగా పలుకుతుందని హెబ్రీ పత్రిక బోధిస్తోంది. అది ప్రతీకారం కోరదు, క్షమాపణ ప్రకటిస్తుంది. మన ప్రియుల పేరిట ఈ వారం ఒక్క పగనైనా విడిచిపెడదాం. వారికి మనం కట్టగల సమాధుల్లో అంతకన్నా అందమైనది లేదు.