ఊపిరికి అడ్డుపడిన నెత్తురుగడ్డ - డాక్టర్ గిబ్బన్ గారి పట్టుదల

మన సభ్యులలో గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవారు అనేకులున్నారు. నేనూ వారిలో ఒకడిని. నా ఆపరేషన్ జరిగినంతసేపు గుండె, ఊపిరితిత్తుల పనిని ఒక యంత్రం చేసిపెట్టింది. దాన్ని రూపొందించిన డాక్టర్ జాన్ గిబ్బన్ గారి జీవితాన్ని క్లుప్తంగా మనవి చేస్తాను.

గిబ్బన్ గారు 1903లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించారు. వైద్యవిద్య ముగించి, 1930-31లో బోస్టన్‌లో డాక్టర్ చర్చిల్ గారి వద్ద పరిశోధన చేస్తున్నారు. అక్కడ పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒక స్త్రీకి ఊపిరితిత్తుల రక్తనాళంలో పెద్ద నెత్తురుగడ్డ అడ్డుపడింది. గిబ్బన్ గారు రాత్రంతా ఆమె పక్కనే ఉండి నాడి, రక్తపోటు రాసుకున్నారు. అంతకుమించి చేయగలిగిందేమీ లేదు. గడ్డను తీసే ఆపరేషనే ప్రాణాంతకం కావడం వల్ల ఆ రోజుల్లో ఆఖరి ఘడియ వరకు ఆగేవారు. ఉదయం పరిస్థితి విషమించగా చర్చిల్ గారు ఏడు నిమిషాలలోపే గడ్డను తీశారు. అయినా ఆమె దక్కలేదు.

రక్తాన్ని బయటకు తీసి, ప్రాణవాయువు ఎక్కించి, తిరిగి శరీరంలోకి పంపగలిగితే డాక్టరుకు వ్యవధి దొరుకుతుంది కదా అన్న ఆలోచన ఆ రాత్రే పుట్టింది. పెద్దలు నిరుత్సాహపరిచినా ఆయన వెనుదీయలేదు. భార్య మేరీ గారితో కలిసి పిల్లులపై ప్రయోగాలు చేసి 1935లో ఫలితం సాధించారు. యుద్ధంలో సేవచేసి వచ్చాక, ఐ.బి.ఎం. ఇంజనీర్ల సహాయంతో మనుషులకు సరిపడే యంత్రం తయారుచేశారు. 1953 మే 6న ఒక 18 ఏళ్ల యువతి గుండెలోని రంధ్రాన్ని మూశారు. 26 నిమిషాలు యంత్రమే ఆమె ప్రాణం నిలిపింది.

అదే జూలైలో ఇద్దరు పిల్లలు ఆపరేషన్లలో మరణించారు. ఆయన ఎంతో కుంగిపోయి, సంవత్సరం పాటు ఆ ఆపరేషన్లు ఆపాలని నిర్ణయించారు. మేయో క్లినిక్‌లో డాక్టర్ కిర్క్‌లిన్ ఆ యంత్రాన్నే మెరుగుపరచి 1955 నుండి వాడుకలోకి తెచ్చారు. 1961-62లో ఇతర సర్జన్లు ఇటువంటి యంత్రం సాయంతో ఊపిరితిత్తుల గడ్డలు తీసి రోగులను బ్రతికించారు. ఏ జబ్బును చూసి ఆలోచన పుట్టిందో, ఆ జబ్బుకే అది అక్కరకు రావడానికి 30 ఏళ్లు పట్టింది. గిబ్బన్ గారు దానిని కళ్లారా చూసి, 1973లో కన్నుమూశారు.

నేడు సి.టి. స్కాన్, ఎకో పరీక్షలతో గడ్డను గుర్తించి, చాలామందికి హెపారిన్ వంటి మందులతోనే నయం చేస్తున్నారు. కొద్దిమందికే ఆపరేషన్ అవసరం. మిత్రులకు నా మనవి ఒక్కటే. ఏ ఆపరేషన్ అయినా, డాక్టరు నడవమన్నప్పుడు బద్ధకించకండి. ఒక కాలు వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.